దారి పొడవునా దయ

సేవ చేయాలని సముద్రాలు దాటి వెళ్ళిన మహనీయులు ఎందరో ఉన్నారు. వారు పరాయి దేశాల ప్రజలకు ఏమి ఇచ్చారో పుస్తకాలు చెబుతాయి. ఆ ప్రజలు వారికి ఏమి ఇచ్చారో మాత్రం అంతగా చెప్పవు. ఆకలి వేసినప్పుడు గుప్పెడు పిండి, వానలో తలదాచుకోవడానికి ఇంత చోటు, జ్వరం వచ్చినప్పుడు పక్కన ఒక మనిషి - ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కాని తెలియని దేశంలో నడిచే బాటసారి ప్రాణాలు నిలిపేవి ఇవే. తన జీవితంలో దాదాపు సగభాగం ఆఫ్రికా ఖండంలో గడిపిన డేవిడ్ లివింగ్‌స్టన్ కథ ఇందుకు నిదర్శనం. ఆయన క్రైస్తవ మతప్రచారకుడుగా, వైద్యుడుగా అక్కడికి వెళ్ళాడు. దయను బోధించడానికి వెళ్ళినవాడు అడుగడుగునా దయను పొందాడు. పొందినదాన్ని మరచిపోకుండా తన దినచర్య పుస్తకాలలోను, గ్రంథాలలోను రాసిపెట్టాడు.

లివింగ్‌స్టన్ 1813వ సంవత్సరం మార్చి 19వ తేదీన స్కాట్లండులోని బ్లాంటైర్ గ్రామంలో జన్మించాడు. తండ్రి ఊరూరా తిరిగి తేయాకు అమ్మేవాడు. ఆ కుటుంబమంతా నూలుమిల్లు కార్మికుల కోసం కట్టిన ఇళ్ళలో ఒకే ఒక్క గదిలో కాపురముండేది. పేదరికం వల్ల డేవిడ్ పదేళ్ళ వయసులోనే మిల్లులో పనికి చేరాడు. ఉదయం ఆరు గంటల నుండి రాత్రి ఎనిమిది గంటల వరకు పని. తెగిన నూలుపోగులను అతకడం అతని పని. మొదటి వారం కూలిలో కొంత డబ్బుతో లాటిన్ వ్యాకరణం కొనుక్కున్నాడు. నూలు వడికే యంత్రం మీద పుస్తకం తెరచి పెట్టుకొని, అటూ ఇటూ తిరిగేటప్పుడల్లా ఒక్కొక్క వాక్యం చదివేవాడు. రాత్రి బడి ముగిశాక కూడా అర్ధరాత్రి దాకా చదువుతూ కూర్చుంటే తల్లి లేచి వచ్చి పుస్తకం లాక్కునేది.

ఆ పట్టుదలతోనే ఆయన గ్లాస్గో నగరంలో వైద్యవిద్య చదివాడు. లండన్ మిషనరీ సంఘంలో చేరాడు. మొదట చైనా దేశం వెళ్ళాలనుకున్నాడు. అక్కడ నల్లమందు యుద్ధం జరుగుతూ ఉండడంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. అప్పుడు దక్షిణాఫ్రికాలో పనిచేస్తున్న రాబర్ట్ మొఫట్ అనే పెద్దాయన పరిచయమయ్యాడు. ఆయన మాటలు విని లివింగ్‌స్టన్ ఆఫ్రికా వెళ్ళడానికి నిశ్చయించుకున్నాడు. 1840 డిసెంబరులో ఓడ ఎక్కి, 1841 జూలై చివర కురుమన్ అనే మిషన్ కేంద్రానికి చేరాడు.

అక్కడి ప్రజలు సెట్స్వానా భాష మాట్లాడతారు. భాష రానిదే మనసు తెలియదని లివింగ్‌స్టన్ గ్రహించాడు. తోటి తెల్లవారందరినీ విడిచి, ఆరు నెలలపాటు బక్వేనా అనే తెగ ప్రజల మధ్య ఒంటరిగా నివసించాడు. వారితో కూర్చున్నాడు, వారితో తిన్నాడు, వారి పలుకులు, వారి ఆచారాలు, వారి ఆలోచనలు నేర్చుకున్నాడు. ఆ ఆరు నెలల్లో ఆయన గురువు కాదు, శిష్యుడు. తరువాత జీవితమంతా ఆయనకు ఆఫ్రికా ప్రజల ఇళ్ళ తలుపులు తెరిచినది ఈ భాషాజ్ఞానమే.

1844లో మబోట్సా అనే చోట ఒక సంఘటన జరిగింది. ఊరిమీద పడి పశువులను చంపుతున్న సింహాలను వేటాడడానికి గ్రామస్థులు బయలుదేరారు. లివింగ్‌స్టన్ వారికి తోడుగా వెళ్ళాడు. ఆయన కాల్చిన గుండ్లు తగిలినా సింహం చావలేదు. తుపాకి మళ్ళీ నింపుకునేలోగా ఆయన మీదికి దూకి ఎడమ భుజం కరచి పట్టుకొంది. ఎముక ముక్కలైంది. ఆ క్షణంలో మెబాల్వె అనే స్థానిక ఉపాధ్యాయుడు తుపాకి గురిపెట్టాడు. తుపాకి పేలలేదు. కాని సింహం లివింగ్‌స్టన్‌ను వదిలి మెబాల్వె తొడ కరిచింది. అప్పుడు మరొకడు బల్లెం పట్టుకొని ముందుకు ఉరికాడు. అతడిని అంతకుముందు అడవిదున్న కుమ్మితే లివింగ్‌స్టన్ వైద్యం చేసి బతికించాడు. సింహం అతడి భుజాన్నీ పట్టుకొంది. అంతలో మొదట తగిలిన గుండ్ల ప్రభావం వల్ల కూలి చచ్చింది. ఒక మనిషిని కాపాడడానికి ఇద్దరు మనుషులు తమ ప్రాణాలకు తెగించారు. విరిగిన ఎముక సరిగా అతకలేదు. ఆ గుర్తు ఆయన చేతిలో చివరిదాకా ఉండిపోయింది.

1845లో లివింగ్‌స్టన్ మొఫట్ కుమార్తె మేరీని వివాహమాడాడు. దంపతులు కొంతకాలానికి బక్వేనా తెగ నాయకుడు సెచెలె ఉన్న కొలొబెంగ్‌లో స్థిరపడ్డారు. సెచెలె ఎంతటి తెలివైనవాడంటే, అక్షరమాలను ఒక్కరోజులో నేర్చుకున్నాడు. అతడు 1848లో క్రైస్తవమతం స్వీకరించాడు. ఆ కాలంలోనే ఆ ప్రాంతానికి వరుసగా కరువు వచ్చింది. నది ఎండిపోయింది. సెచెలె అంతకుముందు వాన కురిపించేవాడని పేరు పొందాడు. అతడు ఆ తంతులు మానడం వల్లనే వానలు పోయాయని, దానికి కారణం ఈ పరదేశీయుడేనని ప్రజలు నమ్మారు. అంతగా నమ్మినా వారెవరూ లివింగ్‌స్టన్ కుటుంబాన్ని ద్వేషించలేదు. గౌరవంగానే మెలిగారు. ఆ తెగలో తనకు శత్రువంటూ ఒక్కడైనా ఉన్నట్లు తెలియదని ఆయన తరువాత రాసుకున్నాడు. కరువులో, అనుమానంలో కూడా చెడని మర్యాద సామాన్యమైనది కాదు.

మరింత ఉత్తరానికి వెళ్ళాలని లివింగ్‌స్టన్ కలహరి ఎడారిని దాటాడు. 1851లో మకొలోలో ప్రజల నాయకుడైన సెబిట్వానేను కలుసుకున్నాడు. సెబిట్వానే గొప్ప యోధుడు. కాని లివింగ్‌స్టన్ మనసును ఆకట్టుకున్నది అతని యుద్ధాలు కాదు. పారలూ తోళ్ళూ అమ్ముకోవడానికి బీదవారు ఎవరైనా ఆ ఊరికి వస్తే, పెద్దలకు దూరంగా ఒక మూల బెరుకుగా కూర్చునేవారు. సెబిట్వానే ఒంటరిగా వారి దగ్గరకు వెళ్ళి, వారితోపాటు కూర్చొని, ఆకలిగా ఉందా అని అడిగేవాడు. పిండి, పాలు, తేనె తెప్పించి, వారికి అనుమానం కలగకుండా వారి కళ్ళెదుటే కలిపించి కడుపునిండా పెట్టించేవాడు. జన్మలో అటువంటి భోజనం ఎరుగనివారు ఆ నాయకుని పేరు ఊరూరా చెప్పుకునేవారు. వచ్చినవారిలో ఒక్కరిని కూడా ఉత్తచేతులతో పంపేవాడు కాదు. లివింగ్‌స్టన్ వచ్చిన కొద్ది వారాలకే సెబిట్వానే జబ్బుపడి మరణించాడు. ఆ మరణానికి లివింగ్‌స్టన్ సొంత మనిషిని పోగొట్టుకున్నట్లు దుఃఖించాడు.

ఆ ప్రాంతంలో ఆయన మనసును కలచివేసిన మరొక విషయం ఉంది. అది బానిస వ్యాపారం. మనుషులను పట్టి, మెడలకు కొయ్య కాడులు తగిలించి, సముద్రతీరానికి తోలుకుపోయి అమ్మేవారు. ఇతర సరుకులతో న్యాయమైన వర్తకం జరిగితే ఈ దుర్మార్గం ఆగుతుందని లివింగ్‌స్టన్ నమ్మాడు. అందుకు ఖండం నడుమ నుండి సముద్రానికి మార్గం కనుక్కోవాలనుకున్నాడు. 1852లో భార్యను, నలుగురు పిల్లలను బ్రిటన్‌కు పంపి, తాను మకొలోలో రాజధాని అయిన లిన్యాంటి చేరాడు. ఈ నిర్ణయం వల్ల ఆ తల్లీబిడ్డలు అక్కడ డబ్బు లేక, సొంత ఇల్లు లేక చాలా కష్టాలు పడ్డారు.

సెబిట్వానే తరువాత అతని కుమారుడు సెకెలెటు నాయకుడయ్యాడు. అప్పటికి అతనికి పద్ధెనిమిదేళ్ళు. లివింగ్‌స్టన్ దగ్గర ధనం లేదు. సెకెలెటు తన ప్రజలలో నుండి 27 మందిని, ఎద్దులను, దారిఖర్చుకు ఏనుగుదంతాలను ఇచ్చాడు. 1853 నవంబరు 11న వారు పడమటి తీరానికి బయలుదేరారు. ఈ యాత్ర తానొక్కడే చేసినది కాదని లివింగ్‌స్టన్‌కు బాగా తెలుసు.

ప్రతి సాయంత్రం మజిలీ చేయగానే ఆ మనుషులు పనులు పంచుకునేవారు. కొందరు కొమ్మలు నరికేవారు. కొందరు గడ్డి కోసి పక్క పరిచేవారు. కొందరు మంట వేసేవారు. లివింగ్‌స్టన్ పడుకోగానే మషావానా అనే పడవవాడు గుడారం గుమ్మంలోనే పడక వేసుకునేవాడు. అతడిని దాటకుండా ఎవరూ లోపలికి పోలేరు. ఎవరూ ఆజ్ఞాపించకుండానే ఇది రోజూ జరిగేది.

దారిలో లోండా ప్రాంతంలో మనెంకో అనే నాయకురాలు వారికి తోడు వచ్చింది. జోరున వాన కురుస్తున్నా ఆమె ముందు నడిచేది. మగవారు ఆమె వేగాన్ని అందుకోలేకపోయేవారు. ఆహారం దొరకని ఒక మజిలీలో ఆమె ఊరివారిని అడిగి కాస్త మొక్కజొన్న తెచ్చి, తన చేతులతో పిండి చేసి లివింగ్‌స్టన్‌కు ఇచ్చింది. నాయకురాలినన్న గర్వం ఆ పిండికి అడ్డురాలేదు.

ఆ ప్రాంతపు ఊళ్ళలో ఇంకొక వింత చూశాడు. అక్కడి గుడిసెల పైకప్పులు గుండ్రంగా, కొసదేరి, వెదురు గొడుగుల వలె ఉండేవి. వాటిని గోడల మీద నుండి ఎత్తి తీయవచ్చు. బాటసారులు వానలో తడుస్తూ రాగానే ఊరివారు తమ గుడిసెల పైకప్పులను ఎత్తి మోసుకొచ్చి ఇచ్చేవారు. లివింగ్‌స్టన్ మనుషులు వాటిని గుంజల మీద నిలబెట్టుకొని ఆ రాత్రికి తలదాచుకునేవారు. అతిథికి ఇంట్లో చోటివ్వడం మనం ఎరుగుదుము. ఇంటి కప్పునే తీసి ఇవ్వడం ఆయన అక్కడే చూశాడు.

ఒకనాడు పొంగిన ఏరు దాటవలసివచ్చింది. లివింగ్‌స్టన్ ఎద్దు మీద కూర్చొని నీటిలో దిగాడు. మధ్యలో ఎద్దు ఆయనను విడిచి పోయింది. ఆయనకు ఈత వచ్చునని అతని మనుషులకు తెలియదు. ఆయన ఒంటరిగా కొట్టుకుపోతున్నాడనుకొని ఇరవై మంది దాకా ఒక్కసారిగా నీటిలోకి దూకారు. వంతెన మీద ఉన్నవారు అక్కడి నుండే దూకారు. తమ పైవస్త్రాలు ప్రవాహంలో పోతున్నా చూడలేదు. చేతిలోని సామాను జారిపోయినా చూడలేదు. ఆయన ఒడ్డు చేరుకునేసరికి ఒకరు చేయి పట్టుకున్నారు, మరొకరు నడుము చుట్టూ చేయి వేశారు. ఆయన క్షేమంగా ఉన్నాడని తెలిశాకనే నీటి అడుగున పడిన సామాను వెదికారు.

అయినా ఆ ప్రయాణం నల్లేరు మీద బండి నడక కాదు. లివింగ్‌స్టన్ పదే పదే జ్వరంతో పడిపోయాడు. దారి విడవాలంటే మనిషినో, ఎద్దునో ఇమ్మని కొన్ని తెగలవారు అడ్డగించారు. ఒకచోట అనుచరులు ధైర్యం కోల్పోయి ఇంటికి మరలిపోదామన్నారు. మీరు వెళ్ళినా నేను ఒంటరిగానైనా ముందుకే పోతానని చెప్పి ఆయన నిరాశతో గుడారంలోకి వెళ్ళిపోయాడు. కొంతసేపటికి ఒకడు లోపలికి తల పెట్టి, తాము విడిచిపోబోమని, ఎక్కడికి వెళితే అక్కడికి వస్తామని ఓదార్చాడు. వెనుకే మిగిలినవారూ వచ్చి అదే మాట చెప్పారు. ఆ దారిలోని ప్రజల అన్యాయం చూసి అన్నమాటే గాని మరొకటి కాదని సర్దిచెప్పారు.

1854 మే 31న వారు అట్లాంటిక్ తీరంలోని లువాండా చేరారు. అక్కడ బానిస వ్యాపారాన్ని అరికట్టడానికి నియమితుడైన ఎడ్మండ్ గేబ్రియల్ అనే ఆంగ్ల అధికారి ఉండేవాడు. చిక్కి శల్యమైన ఆ బాటసారిని చూచి గేబ్రియల్ తన మంచాన్నే ఇచ్చాడు. ఆరు నెలలు నేలమీద పడుకున్న మనిషికి ఆ పక్క స్వర్గంలా తోచింది. ఆయన జబ్బుతో ఉన్నంతకాలం 27 మంది అనుచరులు ఊరకే కూర్చోలేదు. కట్టెలు కొట్టి అమ్మారు. ఓడ నుండి బొగ్గు దించి కూలి సంపాదించుకున్నారు.

రేవులో బ్రిటిష్ ఓడలు ఉన్నాయి. లివింగ్‌స్టన్ ఓడ ఎక్కి ఉంటే కొన్ని వారాలలో భార్యాబిడ్డలను చూసేవాడు. కాని ఈ మనుషులను తిరిగి ఇల్లు చేరుస్తానని సెకెలెటుకు మాట ఇచ్చాడు. ఆయన ఓడ ఎక్కలేదు. వచ్చిన దారినే వెనుకకు నడిచి, 1855 సెప్టెంబరులో 27 మందినీ ప్రాణాలతో లిన్యాంటి చేర్చాడు. వారి వద్ద అప్పటికి ఏమీ మిగలలేదు. ఇచ్చుకోవడానికి ఏమీ లేకపోయినా దారిలోని బరోట్సే ఊళ్ళవారు పాలు, ఎద్దులు తెచ్చి ఆదరించారు. లిన్యాంటిలో వదిలివెళ్ళిన బండి, సామాను చెక్కుచెదరలేదు. మామగారు మొఫట్ పంపిన మూటలను ఊరివారు నది లంకలో ఉంచి, పైన గుడిసె వేసి ఏడాదిపాటు కాపాడారు. వాటిలో మంత్రతంత్రాలు ఉంటాయేమోనని భయపడుతూనే కాపాడారు. ఒక్క వస్తువు కూడా పోలేదు.

పడమటి దారి బండ్లకు పనికిరాదని తేలింది. కనుక 1855 నవంబరులో లివింగ్‌స్టన్ తూర్పు తీరానికి బయలుదేరాడు. సెకెలెటు స్వయంగా కొంతదూరం సాగనంపడానికి వచ్చాడు. ఒక రాత్రి ఉరుములు మెరుపులతో కుంభవృష్టి కురిసింది. పక్కబట్టలు మోసేవారు ముందుకు వెళ్ళిపోయారు. లివింగ్‌స్టన్ తడిసిన బట్టలతో చల్లటి నేలమీద పడుకున్నాడు. సెకెలెటు తన కంబళిని ఆయనకు కప్పి, తాను ఏమీ కప్పుకోకుండా పడుకున్నాడు. వందలమంది సేవకులున్న నాయకుడు ఎవరినీ పిలువలేదు. తన కంబళే ఇచ్చాడు. ఎన్నో రాజమర్యాదలను ఒక్క ముక్కలో ముగించిన లివింగ్‌స్టన్ ఈ చిన్న సంగతిని మాత్రం శ్రద్ధగా రాశాడు.

ఆ ప్రయాణంలోనే ఆయన జాంబేజీ నది మీది మహాజలపాతాన్ని చూశాడు. స్థానికులు దానిని ఉరిమే పొగ అనే అర్థం వచ్చే మోసి-ఓఆ-తున్యా అనే పేరుతో పిలిచేవారు. ఆయన దానికి విక్టోరియా రాణి పేరు పెట్టాడు. 1856 మే నెలలో హిందూ మహాసముద్ర తీరం చేరడంతో ఆయన ఖండాన్ని అడ్డంగా దాటినట్లయింది. దారిలో టెటె అనే ఊళ్ళో తన వెంట వచ్చిన మనుషులను విడిచి, తిరిగి వచ్చి ఇంటికి చేరుస్తానని మాట ఇచ్చాడు. అక్కడి పోర్చుగీసు అధికారి వారికి సాగుచేసుకోవడానికి భూమి ఇచ్చాడు. రెండేళ్ళు గడిచాయి. మశూచి సోకి వారిలో ముప్పై మంది చనిపోయారు. 1858లో లివింగ్‌స్టన్ తిరిగి రాగానే మిగిలినవారు సంతోషం పట్టలేక ఒడ్డుకు పరుగెత్తారు. కొందరు కౌగలించుకోబోయారు. ఆయన కొత్తబట్టలు మాసిపోతాయని మరికొందరు వారిని వారించారు. 1860లో ఆయన వారిని వెంట తీసుకొని స్వస్థలానికి బయలుదేరి మాట నిలుపుకున్నాడు.

లివింగ్‌స్టన్ లోపాలు లేనివాడు కాదు. మిషనరీ సంఘాన్ని విడిచి, ప్రభుత్వం తరఫున 1858లో ఆరంభించిన జాంబేజీ యాత్ర చాలావరకు విఫలమైంది. తోటి ఐరోపావారితో ఆయన కటువుగా ప్రవర్తించాడు. తన శక్తిని బట్టి ఇతరుల శక్తిని అంచనా వేశాడు. ఆయనను కలుసుకోవడానికి వచ్చిన భార్య మేరీ 1862లో జాంబేజీ ఒడ్డున జ్వరంతో మరణించింది. జీవితంలో మొదటిసారి బతకాలన్న కోరిక పోయిందన్నంతగా ఆయన కుమిలిపోయాడు.

ఆ యాత్రలోనే 1861లో లివింగ్‌స్టన్ బృందం ఒక బానిసల వరుసను అడ్డుకొని 84 మందికి విముక్తి కలిగించింది. వారిలో చూమా అనే బాలుడు ఉన్నాడు. జాంబేజీ తీరంలో పనికి కుదిరిన సుసి అనే యువకుడు కూడా ఆయన వెంట నడిచాడు. 1864లో యాత్ర ముగిశాక లివింగ్‌స్టన్ తన చిన్న ఆవిరి ఓడను తానే నడుపుతూ జాంజిబార్ నుండి బొంబాయికి వచ్చాడు. చూమాను, అతని స్నేహితుణ్ణి అక్కడి మిషన్ పాఠశాలలో చేర్చాడు. నాసిక్ సమీపంలో మరొక పాఠశాల ఉండేది. బానిస ఓడల నుండి విడిపించిన ఆఫ్రికా పిల్లలను అక్కడ ఉంచి చదువు, చేతిపనులు నేర్పేవారు. 1866లో చివరి యాత్రకు బయలుదేరినప్పుడు లివింగ్‌స్టన్ చూమా, సుసిలతోపాటు నాసిక్‌లో చదివిన యువకులు తొమ్మిదిమందిని వెంట తీసుకువెళ్ళాడు. ఈ విధంగా ఆ కథలో మన దేశానికి కూడా కొంత చోటు దొరికింది.

నైలు నది పుట్టుక తెలుసుకోవాలని, బానిస వ్యాపారం గుట్టు లోకానికి చెప్పాలని ఆయన ఈసారి బయలుదేరాడు. ఈ యాత్ర మొదటి నుండి కష్టాలతో నడిచింది. అనుచరులలో చాలామంది విడిచిపోయారు. 1867లో మందుల పెట్టె పోయింది. ఆయన రాసిన ఉత్తరాలు ఎన్నో గమ్యం చేరలేదు. 1869లో ఊపిరితిత్తుల జబ్బుతో చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు ఆయనను డోలీలో మోయించి, మందు ఇచ్చి, తిండి పెట్టినవాడు మహమ్మద్ బోఘరీబ్ అనే అరబ్బు వర్తకుడు. అతడు దంతాలతోపాటు బానిసలను కొని అమ్మేవాడే. తాను అసహ్యించుకునే వృత్తిలో ఉన్న మనిషిలో కూడా దయ ఉండగలదని లివింగ్‌స్టన్ చూశాడు. ఆ దయను దాచకుండా రాశాడు. అందువల్ల ఆ వృత్తిలోని పాపం తగ్గిందని మాత్రం రాయలేదు.

1871 జూలైలో న్యాంగ్వే అనే ఊరి సంతలో ఆయన కళ్ళెదుటే ఘోరం జరిగింది. బానిస వర్తకుల మనుషులు సంతకు వచ్చిన జనం మీద తుపాకులు పేల్చారు. గుండ్లు తగిలి, నదిలో మునిగి వందలమంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది బుట్టలతో సరుకు తెచ్చిన ఆడవారు. రోజూ ఆ సంతలో వారి బేరాలను, నవ్వులను చూస్తూ ఆనందించిన లివింగ్‌స్టన్ నిలువునా కుంగిపోయాడు. ఆయన దీనిని గురించి రాసిన ఉత్తరాలు బ్రిటన్‌లో సంచలనం కలిగించాయి. 1873లో జాంజిబార్‌లోని బానిసల సంత మూతపడడానికి ఆ ఉత్తరాలు కూడా కొంత కారణమయ్యాయి.

ఆ ఘోరం చూశాక ఆయన ఎముకల గూడుగా మారి ఉజీజీ అనే ఊరు చేరాడు. అక్కడ దాచుకున్న సరుకులను ఎవరో అమ్ముకున్నారు. సరిగ్గా ఆ సమయంలో అమెరికా పత్రిక పంపగా ఆయనను వెదుకుతూ వచ్చిన హెన్రీ స్టాన్లీ అక్కడికి చేరాడు. ఆహారం, మందులు ఇచ్చి నాలుగు నెలలు తోడుగా ఉన్నాడు. తనతో ఇంటికి రమ్మని బతిమాలినా లివింగ్‌స్టన్ వెళ్ళలేదు. స్టాన్లీ తీరం చేరి మరికొందరు మనుషులను పంపించాడు. వారిలో నాసిక్‌లో చదివిన జేకబ్ వెయిన్‌రైట్ ఒకడు.

1873 ఆరంభంలో ఆ బృందం బంగ్వేలు సరస్సు చుట్టూ ఉన్న చిత్తడి నేలల్లో చిక్కుకొంది. లివింగ్‌స్టన్ నడవలేని స్థితిలో ఉన్నాడు. నడుములోతు, మెడలోతు నీటిలో సుసి మొదలైనవారు ఆయనను భుజాల మీద ఎక్కించుకొని దాటించారు. యాభై గజాలు మోసేసరికి ఒకరికి ఊపిరి ఆడేది కాదు. వెంటనే మరొకరు భుజం ఇచ్చేవారు. ఏప్రిల్ నెలలో డోలీ కట్టి మోశారు. చివరకు చితాంబో అనే నాయకుని ఊరు చేరి, గుడిసె వేసి పడుకోబెట్టారు. మజ్వారా అనే కుర్రవాడు కాపలా పడుకున్నాడు. మే 1వ తేదీ తెల్లవారుజామున అతడు భయపడి సుసిని లేపాడు. అందరూ వచ్చి చూసేసరికి లివింగ్‌స్టన్ మంచం పక్కన మోకరిల్లిన స్థితిలో ప్రాణం విడిచి ఉన్నాడు.

ఇప్పుడు ఆ అనుచరులకు జీతమిచ్చేవాడు లేడు, ఆజ్ఞాపించేవాడూ లేడు. సముద్రతీరం వెయ్యి మైళ్ళకు పైగా దూరం. ఆ దేశాలలో శవం మోసుకుపోయేవారిని ఊళ్ళలోకి రానివ్వరు. పట్టుబడితే ప్రాణాలకే ముప్పు. అక్కడే సమాధి చేయమని చితాంబో కూడా సలహా ఇచ్చాడు. అయినా ఆయనను ఆయనవారి దగ్గరకు చేర్చాలని వారందరూ కలసి నిశ్చయించుకున్నారు. చితాంబో వారి పట్టుదలను గౌరవించాడు. తన ప్రజలతో వచ్చి వారితోపాటు శోకించాడు.

వారు ఆయన గుండెను ఒక పెద్ద చెట్టు కింద పాతిపెట్టారు. వెయిన్‌రైట్ ప్రార్థన చదివి, ఆ చెట్టు మీద పేరు చెక్కాడు. దేహాన్ని ఉప్పు వేసి, పద్నాలుగు రోజులు ఎండబెట్టి, బట్టలో చుట్టి, చెట్టుబెరడులో పెట్టి కట్టారు. వస్తువులన్నీ, దినచర్య పుస్తకాలతో సహా, జాబితా రాసి భద్రపరిచారు. తరువాత నడక ఆరంభించారు. దారిలో జబ్బులు వచ్చాయి, కొందరు చనిపోయారు. ఉన్యాన్యెంబే దగ్గర ఒక ఆంగ్ల అధికారి ఎదురై అక్కడే పాతిపెట్టమన్నా వారు వినలేదు. ఒక ఊరివారు అడ్డుచెప్పినప్పుడు ఉత్త మూటను శవంలా కట్టి వెనుకకు పంపుతున్నట్లు నటించారు. అసలు దేహాన్ని బట్టల బేలులా చుట్టి ముందుకు తీసుకుపోయారు. తొమ్మిది నెలలకు, 1874 ఫిబ్రవరిలో, తీరాన ఉన్న బగమోయో చేరారు. ఒక్క కాగితం పోలేదు.

తీరంలో వారికి జీతం లెక్క చూసి ఇచ్చి పంపివేశారు. దేహం వెంట లండన్ దాకా వెళ్ళగలిగినవాడు వెయిన్‌రైట్ ఒక్కడే. అక్కడి వైద్యుడు ఆ దేహం లివింగ్‌స్టన్‌దేనని ఎలా నిర్ధారించాడో తెలుసా? ముప్పై ఏళ్ళ క్రితం సింహం విరిచిన ఎడమచేతి ఎముకను చూసి. మెబాల్వె, అతని తోటివాడు ప్రాణాలొడ్డి కాపాడిన నాటి గుర్తు అది. 1874 ఏప్రిల్ 18న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయనను సమాధి చేశారు. తరువాత చూమా, సుసి బ్రిటన్ వెళ్ళి, ఆయన చివరి దినచర్య పుస్తకాలను అచ్చు వేయడంలో తోడ్పడ్డారు.

లివింగ్‌స్టన్ చేతుల మీదుగా మతం స్వీకరించినవారు చాలా కొద్దిమంది. ఆయన వెదికిన నైలు నది పుట్టుక ఆయనకు దొరకలేదు. ఆ లెక్కలతో చూస్తే ఆయన జీవితం ఓటమిగా కనిపిస్తుంది. కాని ఆనాటి ఐరోపాలో చాలామంది ఆఫ్రికా ప్రజలను అనాగరికులని పిలిచేవారు. ఇల్లులేని పరదేశికి ఇంటి కప్పు తీసి ఇచ్చినవారిని, తమ కంబళి కప్పినవారిని, నీటిలో దూకినవారిని గురించి ఆయన లోకానికి చెప్పాడు. వారిలో ఎవరూ అది గొప్ప పని అనుకోలేదు. కష్టంలో ఉన్న మనిషికి చేయవలసినదే చేశామనుకున్నారు.

ఆయనను విశ్వాసం గల చేతులు నేల మీదుగా, నీటి మీదుగా మోసుకువచ్చాయని ఆబీలోని సమాధి ఫలకం చెబుతుంది. ఆ చేతులు ఎవరివో అక్కడ రాయలేదు. అందుకే ఆ పేర్లను మనం గుర్తుంచుకోవాలి. సుసి, చూమా, వెయిన్‌రైట్, మజ్వారా, వారితోపాటు నడిచిన మరెందరో సామాన్యులు. లివింగ్‌స్టన్ బోధించాలనుకున్న కరుణను వారు తమ భుజాల మీద మోసి చూపించారు.